నొప్పి చెప్పని పాదం



షుగరు ఉన్నవాళ్ళ కాళ్ళకు కట్లు కట్టడం, ఆ కాళ్ళను ఎలా చూసుకోవాలో వాళ్ళకు నేర్పడం నా పని. విశాఖపట్నం దగ్గరి దువ్వాడ, కూర్మన్నపాలెం, వడ్లపూడి, అగనంపూడి వైపు నుంచి వచ్చేవాళ్ళతోనే నా రోజు గడుస్తుంది. పుండు ముదిరాక వచ్చినవాళ్ళను "ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారు?" అని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: "నొప్పి లేదు కదమ్మా!" ఆ జవాబులో అబద్ధం లేదు. నిర్లక్ష్యమూ లేదు. నొప్పి ఉంటే మనిషి ఊరుకోడు. ముల్లు గుచ్చుకుంటే అక్కడే చతికిలబడి తీసుకుంటాడు. చెప్పు కరిస్తే కుంటుకుంటూ ఇంటికొచ్చి మర్నాడు ఇంకో జత వేసుకుంటాడు. ఇవన్నీ మనకు ఎవరూ నేర్పలేదు, నొప్పే నేర్పింది. ఆ నొప్పి పోయినవాళ్ళకు ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి అన్నదే ఈ ప్రసంగం.

షుగరు వచ్చి పదేళ్ళు, పదిహేనేళ్ళు గడిచేసరికి, ముఖ్యంగా అది అదుపులో లేకపోతే, నరాలు దెబ్బతింటాయి. ఒంట్లో అన్నిటికంటే పొడుగైన నరాలు నడుము దగ్గర మొదలై కాలి వేళ్ళదాకా వెళ్ళేవి. అందుకే దెబ్బ ముందుగా వేళ్ళ చివర కనబడుతుంది. తిమ్మిర్లు, చీమలు పాకినట్టుండడం, రాత్రిళ్ళు మంటలు, దూది మీద నడుస్తున్నట్టు ఉండడం. కొందరికైతే దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేనంత బాధ. కొన్నాళ్ళకు ఆ మంటలు తగ్గుతాయి. మందు పనిచేసిందని ఇంట్లో అందరూ సంతోషిస్తారు. మందు వల్ల తగ్గితే మంచిదే. కానీ కబురు మోసే నరం పూర్తిగా చచ్చిపోయినా మంట తగ్గుతుంది. అందుకని మంట తగ్గిన నాటినుంచే ఆ కాలిని మరింత కనిపెట్టుకుని ఉండాలి. ఇంకో సంగతి. నరాలు దెబ్బతిన్నవాళ్ళలో సగం మందిదాకా ఈ తిమ్మిర్లూ మంటలూ అసలు రావు. వాళ్ళు తమ కాళ్ళు నిక్షేపంగా ఉన్నాయనే అనుకుంటారు.

నరం పోతే పోయేది నొప్పి ఒక్కటే కాదు. చెమట పట్టించే నరాలు కూడా పోతాయి. చర్మం పొడిబారి మడమలు పగుళ్ళు తీస్తాయి, ఆ పగుళ్ళలోంచి క్రిములు లోపలికి పోతాయి. పాదంలో చిన్న కండరాలు నీరసించి వేళ్ళు వంకర తిరుగుతాయి. అప్పుడు ఒంటి బరువంతా బొటనవేలి కింద, మడమ అంచున, ఒకటి రెండు చోట్లే పడుతుంది. అక్కడే ఆనెకాయ కడుతుంది. దానికి తోడు రక్తనాళాలు సన్నబడితే తగిలిన దెబ్బ మానదు. బీడీ, సిగరెట్టు, చుట్ట ఏదైనా ఆ నాళాలను ఇంకా మూసేదే. మన వైపు పెద్దవయసు ఆడవాళ్ళు కాల్చే అడ్డపొగ కూడా అంతే. ఈ విషయంలో ఎవరికీ మినహాయింపు ఇవ్వలేను.

ఈ సంగతులు వైద్యులకు బాగా తెలిసింది ముందు షుగరు రోగుల దగ్గర కాదు, కుష్ఠు రోగుల దగ్గర. 1946లో డాక్టర్ పాల్ బ్రాండ్ వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. కుష్ఠు వస్తే వేళ్ళు వాటంతటవే రాలిపోతాయని లోకమంతా నమ్ముతున్న రోజులవి. ఆయన రోగులను దగ్గరుండి గమనించి వేరే మాట చెప్పారు. వేళ్ళు రాలడం లేదు, స్పర్శ లేక అరిగిపోతున్నాయి. వేడి గిన్నె చేత్తో పట్టుకున్నా తెలియదు, కాలికి పుండు పడితే దాని మీదే మైళ్ళు నడుస్తారు, నిద్రలో ఎలుక కొరికినా మెలకువ రాదు. నొప్పి లేకపోవడమే అసలు జబ్బు అన్నారాయన. తర్వాత 1966లో ఆయన అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడ పనిచేసిన రోజుల్లో షుగరు రోగుల పాదాల్లోనూ ఇదే జరుగుతోందని గుర్తించి చెప్పినవారిలో ఆయన ముఖ్యులు. ఇప్పుడు డాక్టర్లు షుగరు రోగులకు రాసే ఎంసిఆర్ చెప్పులు, లోపల మెత్తగా, కింద గట్టిగా ఉండేవి, వెల్లూరు, కరిగిరి ప్రాంతంలో కుష్ఠు రోగుల కోసం తయారై మనదాకా వచ్చినవే. చెప్పులు కుట్టేవాళ్ళు, డాక్టర్లు, రోగులు కలిసి కూర్చుని చేసిన పని అది. తలుచుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

మనలో ఎంతమందికి ఈ ముప్పు ఉందో చూడండి. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. వాటి ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10 కోట్లకు పైమాటే. షుగరు ఉన్న ప్రతి వంద మందిలో 19 నుంచి 34 మందికి జీవితంలో ఎప్పుడో ఒకసారి కాలికి పుండు పడుతుందని లెక్క. షుగరు వల్ల కాలు తీసేసిన కేసుల్లో నూటికి సుమారు 85 చోట్ల కథ మొదలైంది చిన్న పుండుతోనే. ఆ పుండు ఎలా పడిందని అడిగితే తెలిసేవి మరీ చిన్న సంగతులు. చెప్పులో ఇరుక్కున్న గులకరాయి, కొత్త బూటు, గోరు మూల తీస్తుంటే తగిలిన బ్లేడు, ఎండకు కాలిన గచ్చు. ఇంత చిన్న కారణానికి మోకాలి కింద కాలు పోవడం నేను చూశాను. అది రాసిపెట్టి ఉన్నది కాదు, ఆపగలిగినది. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక మా ప్రాంతం సంగతి. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో, నడవడం మొదలైన రోజుల్లో ఉద్యోగాల్లో చేరినవాళ్ళు ఇవాళ రిటైరై కూర్మన్నపాలెంలో, వడ్లపూడిలో, దువ్వాడలో ఇళ్ళు కట్టుకుని ఉన్నారు. షిఫ్టుల డ్యూటీలు, వేళ తప్పిన భోజనాలు, నిద్ర లేని రాత్రులు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి నలభై దాటాక షుగరు వచ్చింది. అంటే ఇప్పుడు నరాలు దెబ్బతినే వయసులో ఉన్నారు. ఇంకా డ్యూటీ చేస్తున్నవాళ్ళు, కాంట్రాక్టు కార్మికులు ఎనిమిది గంటలు సేఫ్టీ షూస్‌లో ఉంటారు. ఆ బూటు ముందు భాగంలో ఇనుప టోపీ ఉంటుంది. పైనుంచి ఇనుము పడితే వేళ్ళను కాపాడేది అదే, కాబట్టి అది మానమని నేను చెప్పను. బూటు సరిపోవాలి అంటాను. దువ్వాడ సెజ్‌లో రోజంతా నిలబడి పనిచేసే ఆడవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది.

బూటు సరిపోయిందో లేదో కాలికి స్పర్శ ఉన్నవాడు వేసుకుని చెప్పేస్తాడు. స్పర్శ పోయినవాడికి బిగుతుగా ఉన్న బూటే హాయిగా ఉంటుంది, ఎందుకంటే ఆ బిగుతు ఒక్కటే అతనికి తెలుస్తుంది. అందుకే సైజు తక్కువ బూట్లు కొనుక్కునేది ఎక్కువగా వీళ్ళే. దీనికి నేను ఒక పని చేయిస్తాను. పాత న్యూస్‌పేపరు నేల మీద పరిచి దాని మీద కాలు పెట్టి నిలబడమంటాను. కూర్చుని కాదు, నిలబడే. బరువు పడ్డప్పుడే పాదం అసలు వెడల్పుకు వస్తుంది. పెన్సిలు నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీసి, ఆ బొమ్మను కత్తిరించి, అతని బూటులో దూర్చమంటాను. కాగితం అంచులు ముడుచుకుని పైకి లేస్తాయి. చిటికెన వేలి దగ్గర మడత పడుతుంది. అప్పుడు అతని కాలి చిటికెన వేలు చూస్తే సరిగ్గా అక్కడే చర్మం నల్లగా కమిలి ఉంటుంది. ఇరవై నిమిషాలు ఉపన్యాసం చెప్పినా తల ఊపి వెళ్ళిపోయే మనిషి, ఆ కాగితం మడత చూశాక బూటు మార్చుకుంటాడు. ఇది మీ ఇంట్లో ఈ సాయంత్రమే చేసి చూడండి. సాయంత్రమే ఎందుకంటే పొద్దుటికంటే సాయంత్రానికి కాళ్ళు కాస్త ఉబ్బుతాయి. చెప్పులూ బూట్లూ కొనడం కూడా సాయంత్రం పూటే మంచిది. కొత్త జత మొదటిరోజు గంటకు మించి వేసుకోకండి. విప్పి చూడండి, ఎర్రబడిన చోటు ఉంటే ఆ జత మీది కాదు.

ఇలా చేసి చూపించాల్సిందేనని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. 1989లో వెలువడిన ఒక పరిశోధనలో, అమెరికాలో టూసాన్ అనే ఊళ్ళో రెండు వందల మందికి పైగా షుగరు రోగులను తీసుకుని, సగం మందికి ఒక గంటపాటు బొమ్మలు చూపించి పాదాల గురించి పాఠం చెప్పారు. ఆ పాఠం విన్నవాళ్ళలో పుండ్లూ, కాళ్ళు తీసేయడమూ మూడో వంతుకు తగ్గాయి. అది చూసి ఎక్కడివాళ్ళైనా ఎగిరి గంతేస్తారు. కానీ 2008లో వెలువడిన ఇంకో పరిశోధనలో, ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో, ఒకసారి పుండు పడి మానిన 172 మందితో అలాంటి ప్రయత్నమే చేస్తే, ఏడాది తిరిగేసరికి పాఠం విన్నవాళ్ళు జాగ్రత్తలైతే ఎక్కువ తీసుకుంటున్నారు గానీ, కొత్త పుండ్లు మాత్రం తగ్గలేదు. రెండూ నిజమే. మన దక్షిణాదిలో చెన్నై రాయపురం ఎం.వి. ఆసుపత్రివారు 2005లో ప్రచురించిన పరిశీలనలో, చెప్పిన జాగ్రత్తలు పాటించినవాళ్ళకు పుండ్లు బాగా మానాయి, పాటించనివాళ్ళకు ఇబ్బందులు ఎక్కువగా వచ్చాయి. వీటిని చదివాక నాకు అర్థమైంది ఇది. ఒక్కసారి చెప్పి వదిలేస్తే చాలదు. కరపత్రం చేతిలో పెడితే అసలు చాలదు. మనిషి తన పాదాన్ని తన చేత్తో పట్టుకుని చూసుకోవడం మన ఎదుట మొదలు కావాలి, ఇంటికి వెళ్ళాక ఇంకొకరు దాన్ని సాగించాలి, మనం మళ్ళీ మళ్ళీ చూస్తూ ఉండాలి.

ఇక్కడే మన దగ్గర ఒక చిక్కు వస్తుంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, అందుకని కాస్త ఎక్కువసేపు చెబుతాను. మనకు పాదం మామూలు అవయవం కాదు. పెద్దవాళ్ళ పాదాలకు దణ్ణం పెడతాం, మన కాలు ఇంకొకరికి తగిలితే కళ్ళకద్దుకుంటాం. అలాంటి కాలిని పరాయి మనిషి ఒళ్ళో పెట్టడానికి ఎవరికైనా మనసొప్పదు. డెబ్భై ఏళ్ళ పెద్దాయన కుర్చీలో కూర్చుంటాడు. నేను కింద స్టూలు మీద కూర్చుని "కాలిటివ్వండి నాన్నగారూ" అంటే కాళ్ళు రెండూ కుర్చీ కిందికి లాగేసుకుంటాడు. "నా కాళ్ళు నువ్వు పట్టుకోడమేటి తల్లీ, పాపం సుట్టుకుంటాది" అంటాడు. "మీ కాలు పట్టుకుంటే నాకు పుణ్యమేనండి, ముందు చూపించండి" అంటాను. బతిమాలగా బతిమాలగా ఒక కాలు వస్తుంది, రెండోది రాదు. ఆ రెండోదాంట్లోనే పుండు ఉంటుంది. పుండును దాచాలన్న దురుద్దేశం ఆయనకు లేదు. వాసన వస్తుందేమో, చిన్నపిల్ల చేత తుడిపించుకోవడమేమిటి అన్న సిగ్గు. వైద్యం చేసేవాళ్ళు ఆ సిగ్గును కసురుకోకూడదు. నేనైతే ముందు ఒక పళ్ళెంలో మామూలు నీళ్ళు పెట్టి "మీరే కడుక్కోండి, నేను తువ్వాలు ఇస్తాను" అంటాను. తన చేతులతో తను కడుక్కున్నాక, ఆ కాలిని నాకు చూపించడం ఆయనకు అంత కష్టం కాదు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. భర్తకు షుగరు ఉంటే భార్య ప్రతి రాత్రీ ఆయన కాళ్ళు చూస్తుంది, నూనె రాస్తుంది, గోళ్ళు కత్తిరిస్తుంది. ఆమెకు షుగరు ఉంటే ఎవరు చూస్తారు? ఆమె వంగి తన అరికాలు తను చూసుకోలేదు. కంటి చూపు మందగించి ఉంటుంది. "మా ఆయన నా కాళ్ళు ముట్టుకోడమేంటండీ!" అంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. పక్కనే నిలబడ్డ భర్త ఇబ్బందిగా బయటికి చూస్తాడు. నేను ఆయనను పిలిచి ఆమె ఎదురుగానే కూర్చోబెడతాను. "అన్నయ్యా, ఈ కాలు పోతే మంచం మీద ఆవిడకు నీళ్ళందించేది మీరే కదా. రోజుకు రెండు నిమిషాలు ఇప్పుడే పట్టుకోండి" అంటాను. మొదట బెరుకుగా వేలికొసలతో పట్టుకుంటాడు. మళ్ళీసారి వచ్చేటప్పటికి ఆయనే ముందుగా చెబుతాడు, కుడి మడమలో చిన్న పగులు వచ్చిందమ్మా, ఎడమది బావుంది అని. ఈ ప్రసంగం వింటున్న మగవాళ్ళకు నా విన్నపం ఇదే. మీ భార్య పాదాలు, మీ అమ్మ పాదాలు ఇవాళ రాత్రి చూడండి.

చూడడంతో పాటు ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటి చెబుతాను. దీనికి యంత్రం అక్కర్లేదు, చూపుడు వేలు చాలు. ఇంగ్లండులో ఇప్స్‌విచ్ అనే ఊరి ఆసుపత్రి వైద్యులు దీన్ని తీర్చిదిద్దారు, అందుకే దానికి ఆ ఊరి పేరే ఉంది. షుగరు ఉన్న మనిషిని సాక్సులు విప్పి, కాళ్ళు చాపి, కళ్ళు మూసుకోమనండి. మీరు వేలి కొనతో ఆ మనిషి కాలి వేలి చివరను ఈక తాకినంత తేలిగ్గా ఒకటి రెండు క్షణాలు తాకండి. నొక్కకూడదు, తట్టకూడదు, గోకకూడదు. స్పర్శ తెలిసినప్పుడు "కుడి" అనో "ఎడమ" అనో చెప్పమనండి. ముందు కుడి బొటనవేలు, తర్వాత కుడి చిటికెనవేలు, తర్వాత ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, ఆపైన కుడి నడిమివేలు, ఎడమ నడిమివేలు. మొత్తం ఆరు చోట్లు. ఒక్కో చోట ఒక్కసారే తాకాలి. తెలియలేదన్న చోట మళ్ళీ గట్టిగా తాకి "ఇప్పుడు తెలిసిందా?" అని అడగకూడదు. మనవాళ్ళు చేసే పొరపాటు అదే, పాపం తెలియాలన్న ఆశతో నొక్కేస్తారు. ఆరింటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే ఆ పాదం నొప్పి చెప్పలేని పాదమని లెక్క. భయపడొద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆ మాటే చెప్పండి. ఆయన సన్నని నైలాను తీగతో, శృతిదండంతో ఇంకా వివరంగా పరీక్షిస్తారు, పాదం మీద నాడి కొట్టుకుంటోందో లేదో చూస్తారు.

ఇక రోజూ చేసుకోవలసిన పనులు. రాత్రి మాత్ర వేసుకునే వేళనే పాదాల వేళగా పెట్టుకోండి, మరిచిపోరు. గోరువెచ్చని నీళ్ళతో కడుక్కోండి. నీళ్ళ వేడి కాలితో చూడకండి, మోచేత్తో చూడండి, లేదా ఇంట్లో స్పర్శ బాగా ఉన్నవాళ్ళను చూడమనండి. డ్యూటీ నుంచి వచ్చి అలసట తీరడానికి వేడినీళ్ళలో ఉప్పు వేసి కాళ్ళు పెట్టుకోవడం మనకు అలవాటు. నొప్పి తెలియని కాలికి అది చాలా ప్రమాదం. బొబ్బలెక్కినా తెలియదు. ఎక్కువసేపు నానినా చర్మం మెత్తబడి చీలుతుంది. హాట్ వాటర్ బ్యాగూ వద్దు. కడిగాక వేళ్ళ సందుల్లో తడి లేకుండా మెత్తని గుడ్డతో ఒత్తండి. వర్షాకాలంలో బూట్లు తడిసి ఆరకపోతే ఆ సందుల్లోనే చర్మం తెల్లగా నానిపోయి చెడుతుంది. మడమలకు కొబ్బరినూనె గానీ వేజలైన్ గానీ రాయండి, వేళ్ళ సందుల్లో మాత్రం రాయకండి. అరికాలు కనిపించకపోతే నేల మీద చిన్న అద్దం పెట్టుకుని చూడండి. లేదా మనవడి చేత ఫోనులో ఫోటో తీయించుకోండి. నిన్నటి ఫోటోతో పోల్చుకోవచ్చు కూడా. గోళ్ళు స్నానం అయ్యాక మెత్తగా ఉన్నప్పుడు అడ్డంగా, తిన్నగా కత్తిరించండి, మూలల్లోకి దూర్చకండి.

ఆనెకాయను బ్లేడుతో కోసుకోవద్దు. మందుల షాపులో అమ్మే ఆనెకాయ పట్టీలు వేయొద్దు, వాటిలో ఉన్న ఆమ్లం మంచి చర్మాన్నీ తినేస్తుంది. జిల్లేడుపాలు పెట్టొద్దు. ఆనెకాయ ఉందంటే అక్కడ బరువు ఎక్కువ పడుతోందని అర్థం. దాని కింద పుండు మొదలై ఉండొచ్చు. దాన్ని డాక్టరు చేత తీయించుకోవాలి, చెప్పు మార్చాలి.

మెట్టెల గురించి ఒక మాట. కాళ్ళకు నీరు దిగితే మెట్టె బిగిసిపోయి వేలి చుట్టూ కోసేస్తుంది. మెట్టె కింద గాయం కొన్ని వారాలు కనబడకుండా ఉండగలదు. మెట్టెలు తీయమని చెబితే నొచ్చుకోని ఇల్లాలు ఉండదు, నాకు తెలుసు. తీయమని నేను అనను. వదులుగా, అంచులు నున్నగా ఉన్నవి చేయించుకోండి, ప్రతి రాత్రీ కాస్త జరిపి కింద చర్మం చూడండి. గాయం పడితే మాత్రం అది మానేదాకా తీసి దేవుడి దగ్గర పెట్టండి.

ఇంట్లో చెప్పులు వేసుకోవడం మనకు అలవాటు లేదు. కానీ ఇంట్లోనే విరిగిన సూది, పగిలిన గాజుముక్క, మంచం కోడు ఉంటాయి. ఇంట్లోకి మాత్రమే వాడే మెత్తని జత ఒకటి విడిగా పెట్టుకోండి. పూజగది గుమ్మం దగ్గర విప్పి, లోపల చాపో, మందమైన పట్టానో పరుచుకోండి. బయటికి వేళ్ళ మధ్య పట్టీ ఉండే హవాయి చెప్పులు వద్దు. వెనక పట్టీ ఉన్నవి కావాలి. ప్రతిసారీ వేసుకునే ముందు చెప్పునైనా బూటునైనా తలకిందులు చేసి దులిపి, లోపల చెయ్యి పెట్టి తడిమి చూడండి.

ఆషాఢం వస్తుందంటే నాకు గుబులు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ. కొండ కింది తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండను చుట్టి రావడం సుమారు 32 కిలోమీటర్లు. లక్షల మంది నడుస్తారు, చాలామంది చెప్పులు లేకుండానే. మా దువ్వాడ, గాజువాక వైపు నుంచి బళ్ళు కట్టుకుని వెళ్తారు. సింహాద్రి అప్పన్న మీద నాకూ అంతే భక్తి ఉంది. అందుకే చెబుతున్నాను. స్పర్శ పోయిన పాదంతో, వర్షానికి తడిసిన రోడ్డు మీద, రాత్రంతా ఉత్తకాళ్ళతో నడిస్తే తెల్లారేసరికి అరికాలి చర్మం ఊడిపోయినా మనిషికి తెలియదు. మెట్లెక్కి, దర్శనం చేసుకుని, ఇంటికి వచ్చి పడుకుంటాడు. పరుపు మీద తడి చూసి ఇంట్లోవాళ్ళు కనిపెడతారు. ఆ తర్వాత వారం నా దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరి కాళ్ళు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇందాక చెప్పిన ఆరు చోట్ల పరీక్షలో రెండు తెలియనివాళ్ళు, పాతపుండు ఉన్నవాళ్ళు గిరి ప్రదక్షిణ ఉత్తకాళ్ళతో చేయకండి. నడవలేనివాళ్ళు కొండ మీద ఆలయ ప్రదక్షిణ చేసుకునే ఆనవాయితీ ఉంది. అది చేయండి. తప్పక నడవాలనుకుంటే కొన్నాళ్ళుగా వాడుతున్న మెత్తని బూట్లతో, కొంత దూరం నడవండి, ప్రతి గంటకూ ఆగి పాదాలు చూసుకోండి, వెంట ఒకరిని ఉంచుకోండి. అయ్యప్ప దీక్షలోనూ, భవానీ దీక్షలోనూ మండలం పాటు చెప్పులు విడిచేవాళ్ళు దీక్ష తీసుకునే ముందే మీ గురుస్వామికి మీ పాదం సంగతి చెప్పండి. అక్షయ తృతీయ నాడు చందనోత్సవానికి మండుటెండలో వరుసలో నిలబడేవాళ్ళు కూడా జాగ్రత్త. ఏ గుళ్ళోనైనా చెప్పులు విప్పాక మందపాటి నూలు సాక్సులు తొడుక్కుంటే రాతి వేడి కొంత తగ్గుతుంది. పూర్తి రక్షణ కాదు. పొద్దున్నే, చల్లపూట దర్శనం చేసుకోండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా గాయం కనబడిందనుకోండి. శుభ్రమైన నీళ్ళతో కడిగి, పొడి గాజుగుడ్డ వదులుగా చుట్టి, అదే రోజు, మరీ ఆలస్యమైతే మర్నాడు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పసుపు, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు ఏదీ పెట్టకండి. అవి పుండును కప్పేస్తాయి, చూసేవాళ్ళకు లోపలేముందో తెలియదు. ఆ కాలి మీద బరువు పెట్టి నడవకండి. నొప్పి లేదని మార్కెట్టుకి నడిచివెళ్ళడం వల్ల మానే పుండు మానకుండా పోతుంది. ఆటోలో వెళ్ళండి. చీము, దుర్వాసన, నలుపు, జ్వరం, ఎరుపు పైకి పాకడం, వీటిలో ఏది ఉన్నా అర్ధరాత్రైనా ఆగొద్దు. గాయమేమీ లేకుండా ఒక పాదం వాచి, ఎర్రబడి, రెండోదానికంటే వేడిగా ఉన్నా అంతే. చేతి వెనక భాగం రెండు పాదాలకూ ఆనించి చూస్తే తేడా తెలుస్తుంది. బెణికిందనుకుని దాన్ని మర్దన చేయిస్తారు. లోపల ఎముకలు మెత్తబడి విరుగుతూ ఉండొచ్చు. ఆ రోజు నుంచే నడక ఆపి డాక్టరుకు చూపించాలి.

మానిన పుండును మరిచిపోకండి. ఏడాది తిరక్కుండానే నూటికి నలభై మందికి మళ్ళీ పడుతుంది. కాబట్టి పాదాలు ఎన్నాళ్ళకోసారి చూపించుకోవాలో రాసిపెట్టుకోండి. స్పర్శ, రక్తప్రసరణ రెండూ బాగున్నవాళ్ళు ఏడాదికోసారి. వాటిలో ఏ ఒక్కటి తగ్గినా ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి. రెండూ తగ్గినా, ఒకటి తగ్గి వేళ్ళు వంకర తిరిగినా మూడు నుంచి ఆరు నెలలకోసారి. ఇదివరకు పుండు పడినవాళ్ళు, వేలు తీయించుకున్నవాళ్ళు ప్రతి నెలా, లేదా మూడు నెలలు దాటకుండా. అగనంపూడి ఆసుపత్రికి వెళ్ళినా, ఉక్కునగరం ఆసుపత్రికి వెళ్ళినా, విశాఖ కేజీహెచ్‌కు వెళ్ళినా, ఓపీలో మీ వంతు రాగానే డాక్టరుగారు అడిగేదాకా చూడకుండా చెప్పులూ సాక్సులూ విప్పి, రెండు కాళ్ళూ ముందుకు చాపి కూర్చోండి.